ఆషాఢంలో విప్పిన ఇంజను

కరీంనగర్‌లో మేముండే వీధి మొదట్లో ఒక కార్ల షెడ్డు ఉంది. వాన పడి వెలిసిన సాయంత్రాల్లో బడి నుంచి ఇంటికి వస్తూ దాని ముందు నుంచి నడిస్తే, డీజిల్ ఒలికిన మట్టి తడిసి ఒక వాసన లేస్తుంది. మాడిన నూనె, తుప్పు, కొత్త రబ్బరు అన్నీ కలిసిన ఆ వాసన ముక్కుకు కాదు, నేరుగా గొంతుకు తగులుతుంది. నాతో వచ్చే తోటి టీచర్లు కొంగు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. నా కాళ్ళు మాత్రం నెమ్మదిస్తాయి. గోదావరిఖనిలో మా గల్లీ, మా ఇంటి ముందు బానెట్ తెరిచి నిలబెట్టిన తెల్ల కారు, దాని మీదికి వంగిన జహంగీర్ చాచా వీపు, ఆ వీపుకు అతుక్కుపోయిన తడి బనీను, అన్నీ కళ్ళ ముందుకు వస్తాయి.

మా గల్లీ బొగ్గు కంపెనీ క్వార్టర్ల వెనుక, జనం ఎవరికి వారు రేకులు వేసుకుని కట్టుకున్న ఇళ్ళ వరుస. ఇంట్లో గడియారం ఉన్నా ఎవరూ దాన్ని చూసేవారు కాదు, బాయి సైరన్‌ను బట్టే అన్నాలు వండేవారు, పిల్లల్ని బడికి తోలేవారు. అక్కడ గనిని ఎవరూ గని అనరు, బాయి అనే అంటారు. మధ్యాహ్నం, నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరిగితే కాళ్ళ కింద నేల ఒకసారి ఉలిక్కిపడేది, గూట్లో స్టీలు గిన్నెలు గలగలమనేవి, అమ్మ చేస్తున్న పని ఆపకుండానే ఒక చేయి చాచి నీళ్ళ బిందెను పట్టుకునేది. పొద్దుగూకే వేళకు ప్రతి ఇంటి ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవారు. ఆ పచ్చటి పొగ గల్లీ మీద దుప్పటిలా పరుచుకుని, కళ్ళు మండుతుంటే మేం అందులోనే దాగుడుమూతలు ఆడేవాళ్ళం. ఆరేసిన బట్టలను దులిపితే నల్లటి పొడి రాలేది. ఎండాకాలం ఆరుబయట పడుకుంటే పొద్దున లేచేసరికి ముక్కుల్లో మసి ఉండేది. చలికాలంలో అదే బొగ్గు మమ్మల్ని కాచేది. ఇతర ఊళ్ళ పిల్లలు గాజు గోళీలతో ఆడుకుంటారని నాకు చాలాకాలం తెలియదు. మా గోళీలు పాత బేరింగుల్లోంచి రాలిన ఇనుప గుండ్లు. జహంగీర్ చాచా వాటిని కిరసనాయిల్లో కడిగి, తుడిచి, పిడికిట్లో పట్టుకొచ్చి మా మధ్య పోసేవాడు.

చాచా మాకు గోడ పక్క ఇల్లు. గల్లీ మొదట్లో నాలుగు కర్రల మీద రేకు వేసిన ఆయన షెడ్డు ఉండేది. ఆయనకూ చాచీకీ పిల్లల్లేరు. అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే తమ్ముడు గౌస్‌ను ఆయనే పెంచాడు. రెండిళ్ళ మధ్య గోడలో ఒకచోట ఇటుకలు ఊడి సందు ఏర్పడింది, దాన్ని ఎవరూ పూడ్చలేదు. రంజాన్ నాడు ఖర్జూరం, సేమియా తేలే షీర్‌ఖుర్మా గిన్నె ఆ సందులోంచి ఇటు వచ్చేది, సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల సద్ది, పల్లి సద్ది, బెల్లం కలిపిన మలీద ముద్దలు మోదుగాకులో అటు వెళ్ళేవి. అమ్మ సర్వపిండి గిన్నెకు అద్దిన రోజు, అది కాలే వాసనకు చాచీ ముందే అటు నుంచి చేయి చాపేది. గిన్నె ఏ ఇంటిదో చూసుకోకుండా రెండిళ్ళవీ కలిసిపోయాయి.

మా బాపు పేరు రాజేశం. బాయిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఏ షిఫ్టుకు పోయినా పని చేసేది చీకట్లోనే కదా, అందుకేనేమో ఆయనకు ఎండంటే ఆకలిలాంటి ఇష్టం ఉండేది. ప్లే డే అని పిలుచుకునే వారపు సెలవు నాడు, అందరూ నీడ వెతుక్కునే వేళలో, వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని వీపు ఎండకు పెట్టి కూర్చునేవాడు. తమంతట తాము పని మానుకునేవాళ్ళకు ఒక్కసారే డబ్బు ఇస్తామని కంపెనీ చెప్పినప్పుడు, అమ్మ వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. బాయిలో పనిచేసేవాడికి ముసలితనంలో కూడా ఒక గూడు ఉంటుందని, బయట ఏముంటుందని అమ్మ వాదన. బాపు చెప్పిన కారణం ఒక్కటే.

"ఇగ మిగిలిన బతుకన్న ఎండల బతుకుత."

ఆ డబ్బుతో కిరాయికి తిప్పడానికి ఒక పాత తెల్ల డీజిల్ కారు కొన్నాడు. దాన్ని ఎంచింది చాచానే. హైదరాబాద్ దాకా పోయి, చెవి ఆనించి విని, వాసన చూసి తెచ్చాడు. బాపుకు గోదావరి ఒడ్డు దారిలో బండి నడపడం నేర్పిందీ ఆయనే. గౌస్‌కైతే ఆ కారు సొంత ఆస్తిలాగే ఉండేది. ఓపెన్‌కాస్టు మీద మట్టి తీసే కాంట్రాక్టరు దగ్గర అతడికి పని. అక్కడి నుంచి రాగానే ఒంటి మీది ఎర్రమట్టి కడుక్కోకముందే కారు కడిగేవాడు. లోపలి అద్దానికి పూసల దండ కట్టాడు, వెనుక అద్దం మీద రెండు పావురాల బొమ్మ అతికించాడు. కిరాయి లేని ఒక సాయంత్రం బాపు మమ్మల్నందరినీ ఎక్కించుకుని గోదావరి వంతెన దాటి మంచిర్యాల దాకా తీసుకెళ్ళాడు. వంతెన మీద గాలికి చాచీ ముసుగు ఎగిరి అమ్మ ముఖం మీద పడటం, ఇద్దరూ నవ్వుతూ దాన్ని విడిపించుకోవడం, దారిలో కాల్చిన మక్కకంకులు కొని ఉప్పూ నిమ్మకాయా రుద్దుకుని తినడం, కిటికీలోంచి బయటికి పెట్టిన బాపు మోచేయి మీద పడమటి ఎండ పడటం నాకు గుర్తు. నేను చూసినంతలో మా బాపు అంత సుఖంగా ఉన్న రోజు మరొకటి లేదు.

టైమింగ్ బెల్టు అనే మాట మేం చాచా నోట విన్నాం. కారు తిరగాల్సిన దూరం తిరిగిందని, ఆ బెల్టు మార్చాలని ఆయన బాపు వెంట పడేవాడు. అదేమిటని నేను అడిగితే, పళ్ళున్న నల్లటి పట్టా ఒకటి చేతికిచ్చి, ఇంజనులో పైన తిరిగేవి కొన్ని, కింద తిరిగేవి కొన్ని ఉంటాయని, రెండింటినీ ఒక తాళం మీద ఆడించేది ఇదేనని చెప్పాడు. "బతుకమ్మ ఆడేటప్పుడు ఒక్కరు అడుగు తప్పితే ఎట్లయితది బిడ్డా? ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్తరు. గట్లనే." బెల్టు బిగించాక తాళంచెవి తిప్పే ముందు, కింది చక్రానికి పానా పెట్టి ఇంజనును చేత్తో రెండు చుట్లు నిదానంగా తిప్పి చూడటం ఆయన నియమం. లోపల ఎక్కడైనా తట్టుకుంటే ఆ చేతికే తెలుస్తుందట. ఆ రెండు చుట్లూ పూర్తయ్యేదాకా ఆయన చాయ్ కూడా ముట్టడు. చాయ్ పట్టుకుని నిలబడిన చాచీ విసుక్కునేది.

పెళ్ళిళ్ళ కాలంలో కారు ఖాళీగా ఉండేది కాదు. ఈ పెళ్ళి అయిపోనీ, ఆ పెళ్ళి అయిపోనీ అంటూ, చివరికి ఆషాఢం రానీ అన్నాడు బాపు. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, కిరాయిలుండవు. అట్లా ఆషాఢంలో ఒక ప్లే డే నాడు పొద్దున్నే, తుంపర పడుతుండగా, మా వాకిట్లో ప్లాస్టిక్ పట్టా కట్టి దాని కింద ఇంజను విప్పారు. కాంట్రాక్టు పనికి ప్లే డే లేదు, గౌస్ టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరాడు. తాను లేని రోజు పని పెట్టుకున్నారని అతడికి కోపం. వెళ్తూ వెళ్తూ, తాను వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని అన్నకు రెండుసార్లు చెప్పాడు.

గోనెసంచి పరిచి విప్పిన బోల్టులను విప్పిన వరుసలో దాని మీద పేర్చాడు చాచా. పాత బెల్టు బయటికి తీసి వెనక్కి వంచి చూపిస్తే, ఎండిన చెరువు మట్టిలా దాని నిండా నెర్రెలు. "ఇంకో నెల నడిపితే తెగుతుండె అన్నా," అన్నాడు. బాపు దాన్ని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అమ్మ మక్కగుడాలు ఉడికించి ఉల్లిగడ్డ ముక్కలు వేసి పెట్టింది. వానకు పిల్లలందరం ఆ పట్టా కిందే చేరి, వాళ్ళిద్దరి మాటలు వింటూ గుడాలు తిన్నాం. బెల్టు మార్చే పని పండుగలాగే ఉంది.

పొద్దు నెత్తి మీదికి వచ్చేవేళకు కాంట్రాక్టరు మనిషి ఒకడు మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. వానకు నాని మట్టికుప్ప జారిందని, గౌస్ దాని కింద పడ్డాడని, తీశారని, ఊపిరి ఉందని చెప్పాడు. దవాఖానలో డాక్టరు చూసి లోపల దెబ్బ తగిలింది, జల్దీ కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడట. అంబులెన్సు అంతకుముందే ఇంకో రోగిని ఎక్కించుకుని వెళ్ళిందట. చాచా చేతిలో పానా అట్లాగే ఉంది. ఆయన ఆ మనిషి ముఖం వైపు కాక, నోరు తెరిచిన ఇంజను వైపు చూశాడు. అక్కడున్నవాళ్ళం అందరం అటే చూశాం.

బాపు జీపుల అడ్డా దాకా చెప్పులు లేకుండా పరుగెత్తాడు. ఆ రోజు ఎక్కడో తెలంగాణ సభ ఉందని జీపులన్నీ జనాన్ని ఎక్కించుకుని పొద్దున్నే వెళ్ళిపోయాయి. ఆయన రొప్పుతూ తిరిగి వచ్చేసరికి చాచా కొత్త బెల్టు చక్రాల మీదికి ఎక్కిస్తున్నాడు. ఆ చేతులు నాకు బాగా తెలిసిన చేతులు. చీకట్లో కూడా బోల్టు కొలత చెప్పే చేతులు అవి. ఆ రోజు ఆ చేతుల్లోంచి బెల్టు ఒకసారి జారింది, మళ్ళీ ఎక్కించాడు. గుర్తులు కలిశాయో లేదో చూడటానికి కళ్ళు తుడుచుకున్నాడు. వాన నీళ్ళో కన్నీళ్ళో నాకు తెలియలేదు. గోడ అవతల చాచీ దువా చదువుతున్న గొంతు వినిపిస్తోంది. నట్టు బిగించి ఆయన లేచాడు.

"చేత్తోని తిప్పి చూస్తవా?" అని బాపు మెల్లగా అడిగాడు.

"టైం లేదన్నా. సెల్ఫ్ కొట్టు."

 బాపు లోపల కూర్చుని తాళంచెవి తిప్పాడు. కంకర నమిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. దాని వెంట టక్కుమని ఏదో ఇరుక్కుంది, అంతటితో ఇంజను ఆగిపోయింది. మేం పిల్లలం మళ్ళీ తిప్పుతాడని చూస్తున్నాం. చాచా మాత్రం తల రెండు చేతుల్లో పట్టుకుని తడి నేల మీద కూర్చుండిపోయాడు. లోపల ఏం విరిగిందో, ఏం వంగిందో ఆయనకు ఆ చప్పుడుతోనే తెలిసిపోయింది. బాపు దిగివచ్చి ఆయన జబ్బ పట్టుకుని లేపాడు. "లే. నడువు," అన్నాడు.

పెద్ద రోడ్డు మీద ఒక బొగ్గు లారీని ఆపి, దవాఖాన నుంచి గౌస్‌ను అందులో ఎక్కించుకుని ఇద్దరూ వెళ్ళారు. పెద్దపల్లి దాటాక గౌస్ పోయాడు. మరునాడు మధ్యాహ్నం నమాజు తర్వాత ఖబరస్తాన్‌కు తీసుకెళ్ళారు. మా గల్లీ మగవాళ్ళందరూ వంతులు వేసుకుని జనాజా మోశారు, బాపు మాత్రం భుజం మార్చుకోలేదు. అమ్మ మూడు పూటలా వండి ఆ సందులోంచి అన్నం పంపింది. గౌస్ చొక్కా దండెం మీద చాలారోజులు అట్లాగే ఉంది. దాని మీద బొగ్గుపొడి పేరుకుంటున్నా చాచీ దులపలేదు.

కారు సంగతి నలభై దినాల దాకా ఎవరూ ఎత్తలేదు. తర్వాత చాచా తానే వచ్చి ఇంజను తల విప్పాడు. వంగిన వాల్వులు ఒక్కొక్కటే తీసి గోనెసంచి మీద పెట్టాడు. తన ఖర్చుతో బాగుచేస్తానన్నాడు. బాపు నిదానంగా చేద్దాం, తొందరేం లేదన్నాడు. చాచా పొద్దున వచ్చేవాడు, పానా చేతిలోకి తీసుకునేవాడు, కాసేపు చూసి దాన్ని కిందపెట్టి వెళ్ళిపోయేవాడు. కొన్నాళ్ళకు రావడమే మానేశాడు. ఇంకో మెకానిక్‌ను పిలుద్దామని అమ్మ అంటే, వాడి చేతి పనిని ఇంకొకడితో చేయిస్తే వాడు ఏమైపోతాడని బాపు ఒప్పుకోలేదు. కారు వేపచెట్టు కింద నిలబడిపోయింది. టైర్లలో గాలి దిగింది, వెనుక సీటు మీద మా కోళ్ళు గుడ్లు పెట్టాయి, పావురాల బొమ్మ ఎండకు వెలిసి తెల్లబడింది.

ఆ కాలంలోనే ఒక రోజు, ఇంట్లో వండటానికి గాసం లేక చిరాకులో, అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఆ మాట అనేసింది. "చేత్తోని ఒక్కసారి తిప్పి చూస్తే ఏమైతుండె?" గోడ అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. బాపు అమ్మ మీద కోపం చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే. అమ్మ అప్పుడే చాచీ దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకుంది, చాచీ కూడా ఏం లేదక్కా అంది. కానీ ఆ ఏడు బతుకమ్మకు సందులోంచి పంపిన సద్దుల పొట్లం తిరిగి రాలేదు, ముట్టినట్టూ తెలియలేదు. రంజాన్‌కు షీర్‌ఖుర్మా వచ్చింది, గిన్నెలో కాదు, బజారులో కొన్న ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది, తిరిగి ఇవ్వనవసరం లేకుండా. ఆ తర్వాత ఏడు అదీ లేదు. సందును ఎవరు ఎప్పుడు పూడ్చారో నాకు గుర్తు లేదు. ఒక రోజు చూసేసరికి అక్కడ కొత్త సిమెంటు ఉంది.

చాచా షెడ్డు ఎత్తేసి పెట్రోలు బంకులో టైర్లకు గాలి కొట్టే పనికి కుదిరాడు. బాపు, ఎండలో బతకాలని బాయి విడిచిన మనిషి, అదే కాంట్రాక్టరు దగ్గర మెషీన్లకు కాపలా ఉండే రాత్రి డ్యూటీకి కుదిరాడు. రాత్రంతా దుమ్ములో కూర్చుని పొద్దున వచ్చి, తలుపు వేసుకుని, కిటికీకి అమ్మ పాత చీర అడ్డం కట్టుకుని నిద్రపోయేవాడు. ముక్కాలిపీట అటక మీదికి పోయింది. గల్లీలో ఎదురైతే ఇద్దరూ ఆగేవారు, పానం మంచిగున్నదా అని ఒకరినొకరు అడిగేవారు, మంచిగున్నదని చెప్పుకునేవారు. అంతకుమించి మాట లేదు. చివరికి గ్యాస్ కట్టర్లతో తుక్కువాళ్ళు వచ్చి కారును నాలుగు ముక్కలు చేసి ట్రాలీలో వేసుకుపోయిన రోజు, చాచా ఇంటి తలుపు పొద్దుగూకేదాకా తెరుచుకోలేదు.

తెలంగాణ వచ్చిన నాడు మా గల్లీలో గులాలు చల్లుకున్నారు, డప్పులు కొట్టారు, మిఠాయి పంచారు. కాంట్రాక్టు వాళ్ళందరినీ పర్మినెంటు చేస్తారని పిల్లలు కేకలు పెట్టుకుంటూ వచ్చి చెబితే, బాపు మంచంలోంచి లేవకుండానే నవ్వాడు. అప్పటికే ఆయన దగ్గు ఆగడం లేదు. "వచ్చింది మంచిదే బిడ్డా. కాని మా వయసు వెనక్కి రాదు గద," అన్నాడు. ఆ చలికాలం దాటలేదు. పాడెకు ముందు వైపు భుజం పట్టింది జహంగీర్ చాచా. దారి పొడుగునా ఆయన కూడా భుజం మార్చుకోలేదు.

మొన్న దసరా సెలవుల్లో వెళ్ళాను. మా గల్లీ లేదు. ఓపెన్‌కాస్టు పెరిగి క్వార్టర్లనూ గల్లీనీ కలుపుకుంది. లేదు అని చెబితే, కూలిన గోడలైనా మొండి వేపచెట్టైనా మిగిలి ఉంటాయనుకుంటారు. మా ఇల్లు ఉన్న చోట నేల కూడా లేదు. గట్టు మీద నిలబడి చూస్తే కింద ఎక్కడో చీమల్లా డంపర్లు తిరుగుతున్నాయి. మేం దాగుడుమూతలు ఆడిన చోటు, పొయ్యిలు రాజేసిన చోటు, సద్దులు అందించిన గోడ నిలిచిన చోటు ఇప్పుడు వట్టి గాలి. వెంట వచ్చిన నా పిల్లలకు చూపిద్దామనుకున్నాను, చూపడానికి వేలు ఎటు పెట్టాలో తెలియలేదు.

చాచావాళ్ళకు ఊరి చివర పునరావాసం కాలనీలో ఇల్లు ఇచ్చారు. చాచీ పోయి రెండేళ్ళయిందట. ఆయన ఒక్కడే మంచంలో కూర్చుని ఉన్నాడు. చూపు ఆనడం లేదు, గొంతును బట్టి గుర్తుపట్టాడు. చాయ్ పెట్టబోతే నేనే పెట్టాను. చాలాసేపు ఎవరెవరు ఎక్కడున్నారో మాట్లాడుకున్నాం. లేవబోతుంటే ఆయనే ఎత్తాడు ఆ మాట, నేను ఎన్నడూ అడగని మాట.

"ఆ దినం వాపసు వచ్చేటప్పుడు మీ బాపు నాకొక మాట చెప్పిండు బిడ్డా. దవాఖానల డాక్టరు తనను పక్కకు పిలిచిండట. కారుల పోయినా, ఎట్ల పోయినా, గౌస్ దక్కకపోతుండె అన్నడట. నీతోని ఎన్నడన్న చెప్పిండా?"

బాపు నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకూ చెప్పలేదు, చెప్పి ఉంటే అమ్మ పొయ్యి ముందు ఆ మాట అని ఉండేది కాదు.

"చెప్పిండు చాచా," అన్నాను. "మస్తుసార్లు చెప్పిండు."

ఆయన నా గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. చేయి చాచి, తడుముకుని, నా నెత్తి మీద పెట్టాడు.

"నువ్వు గూడ మీ బాపు లెక్కనే బిడ్డా," అన్నాడు. "ఆయనకు గూడ అబద్ధం చెప్ప రాకపోతుండె."